అడవి నుంచి అడితి దాకా



ఈసారి సంపాదకీయాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నాం. మీ ఇంటి వీధి గుమ్మం ఏ చెక్క?

తాతగారు కట్టిన ఇల్లయితే టేకో, వేగిసో, నల్లమద్దో అయివుంటుంది. నాన్నగారి కాలంలో కట్టిన ఇల్లయితే, అడితిలో "మలేషియా కర్ర" అని చెప్పి అమ్మినది కావచ్చు. మీరు కొత్తగా కొనుక్కున్న అపార్టుమెంటులో అయితే పైన అందమైన పలచని పొర, లోపల ఏ రైతు పొలంలోనో పెరిగిన జామాయిల్ ముక్కలు, జిగురు. ఒకే కుటుంబం మూడు తరాల్లో కట్టుకున్న ఇళ్ళ గుమ్మాలను పక్కపక్కన నిలబెడితే మన ప్రాంతపు కలప చరిత్రంతా అందులోనే ఉంటుంది. ఏ చెక్క ఎక్కడ నుంచి వచ్చిందో అడితి యజమాని చెప్పగలడు. దాన్ని నరికినదెవరో, మోసినదెవరో, మిషను దగ్గర కోసినదెవరో మాత్రం చెప్పలేడు. ఆ లెక్క ఎవరూ రాయలేదు. ఈ నెల మన మాట ఆ రాయని లెక్క గురించే.

యానాంలో ఉన్నవారికి, బరంపురం, రాయగడలో ఉన్నవారికి, చంద్రపూర్, బల్లార్షాలో స్థిరపడినవారికి, దాండేలి, భద్రావతి, హోసూరు, చెన్నై పాఠకులకు ఇది పరాయి విషయం కాదు. మనలో చాలా కుటుంబాలు ఈ ఊళ్ళకు వచ్చిందే మిల్లు పని కోసమో, కాగితం ఫ్యాక్టరీ కోసమో, రైలు పని కోసమో. ఆ మూడూ అడవిని తిని పెరిగినవే.

ఏటి మీద వచ్చిన కర్ర

యానాం–ఎదుర్లంక వంతెన మీద నిలబడి గౌతమిని చూస్తే ఇప్పుడు చేపల పడవలు కనబడతాయి. నూట యాభై, రెండు వందల ఏళ్ళ కిందట ఇదే నీటి పక్కన కోరంగిలో, ఇంజరంలో, తాళ్ళరేవులో కర్ర ఓడలు కట్టేవారు, పాడైనవాటిని బాగుచేసేవారు. 1839 తుపాను కోరంగిని ఊడ్చేసేదాకా ఆ రేవు పేరు సముద్రం అవతల కూడా తెలుసు. ఓడకు కర్ర కావాలి. ఆ కర్ర గోదావరి పైనుంచే రావాలి.

భద్రాచలం, రేకపల్లి అడవుల్లో నరికిన మానులను ఒడ్డుకు లాగి, తెప్పలు కట్టి, నీళ్ళు నిండిన కాలంలో వదిలేవారు. బరువైన కర్ర మునిగిపోకుండా దానికి వెదురు కట్టేవారు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఈ మూడు నదుల పక్కనున్న అడవుల కర్ర కూడా గోదావరిలోకే దిగేది. పాపికొండల సందులోంచి తెప్పను తప్పించడం అంటే ప్రాణంతో చెలగాటం. తెప్ప రాజమండ్రి ఒడ్డు చేరితే అడితివాడు దుంగను కొలిచి లెక్క రాసుకునేవాడు. తెప్పతో వచ్చిన మనిషి కూలి తీసుకొని నడిచి వెనక్కి పోయేవాడు.

తర్వాత రైలు వచ్చింది. మైలు పట్టాకు సుమారు 1,800 నుంచి 2,000 స్లీపర్లు కావాలి. అవి కొన్నేళ్ళకు పాడైపోతే మళ్ళీ అన్నీ కావాలి. 1890లలో తూర్పు తీరం వెంట పట్టా పడేసరికి గంజాం గుగ్గిలం, గోదావరి టేకు, మద్ది ఇవన్నీ ప్రభుత్వానికి చెట్లుగా కాక స్లీపర్లుగా కనబడడం మొదలుపెట్టాయి. ఓడకు ఏరి కోసిన మానులు సరిపోయేవి. రైలుకు అడవికి అడవే కావాలి.

మన సంఘాల చరిత్ర కూడా ఇక్కడ కలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గోదావరి ఎగువకు కూడా పడవలు నడవాలని కోరుకున్నారు. దుమ్ముగూడెం దగ్గరి పనులు ఆ ఆలోచనలో భాగమే. అక్కడ పనిచేసిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషన్ పని మొదలైంది. తర్వాత దుమ్ముగూడెంలో చాలాకాలం ఉన్న జాన్ కెయిన్ కోయల జీవితం గురించి వ్యాసాలు రాశారు. అంటే అడవి బిడ్డల మధ్యకు సువార్త వెళ్ళిన దారి, వాళ్ళ అడవి కిందికి దిగిన దారి ఒక్కటే. ఒకే ఏరు. వాళ్ళ ఆత్మల గురించి ఆలోచించినంతగా వాళ్ళ అడవి గురించి మన సంఘాలు ఆలోచించాయా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇంకొక దారి కూడా ఉంది. కోరంగి నుంచి, తర్వాత కాకినాడ, బిమిలి, విశాఖ రేవుల నుంచి వేలకు వేల మంది తెలుగువాళ్ళు "రంగం" పోయారు. రంగూన్‌లోని బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో, రేవులో వాళ్ళే కూలీలు. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె ముగిశాక వచ్చినవాళ్ళను పొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ మధ్య రక్తం పారింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అదే తెలుగు కూలీలు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళు ఎందరో. మన ముత్తాతల ఇళ్ళల్లోని "బర్మా టేకు" అందరికీ గొప్పగా గుర్తుంది. ఆ టేకును అక్కడ కోసిన తెలుగు చేతులు గుర్తులేవు.

గీత పడింది

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా కొండ మీది మనిషికి అడవి అంటే ఇల్లు, పొలం, గుడి, మందుల కొట్టు. చట్టం వచ్చాక "రిజర్వు" అనే గీత పడింది. గీత అవతల పోడు నేరం, మేత నేరం, కర్ర నేరం. అదే గీత అవతల ప్రభుత్వం వేలం వేసిన కూపులో కాంట్రాక్టరు నరికితే అది ఆదాయం.

రంప ప్రాంతం 1879లోనే కల్లు పన్నుల మీద, మన్సబుదారు మీద, పోలీసుల దౌర్జన్యం మీద తిరగబడింది. అటవీ చట్టం వచ్చాక పుండు మీద కారం పడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు నడవడానికి పోడు మీద నిషేధమూ, అడవిలో రోడ్లు వేయడానికి చాలీచాలని కూలికి చాకిరీ చేయించడమూ పెద్ద కారణాలు. ఆ రోడ్లు ఎవరికోసం? అధికారులకోసం, కర్ర కోసం. రోడ్డు వేసినవాడికే ఆ రోడ్డు మీద కట్టె మోపు తీసుకుపోయే హక్కు లేకుండా పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక గీత చెరగలేదు. 1952 జాతీయ అటవీ విధానం దేశ ప్రయోజనం ముందు, అడవి పక్క గ్రామం ప్రయోజనం వెనక అని స్పష్టంగా చెప్పింది. దేశ ప్రయోజనం అంటే ఆచరణలో ఏమిటి? చాలా చోట్ల మిల్లు ప్రయోజనం.

వెదురు ఎవరిది?

కాగజ్‌నగర్‌లోని సిర్పూరు మిల్లు, రాజమండ్రి పేపరు మిల్లు, భద్రాచలం దగ్గర సారపాక మిల్లు, మహారాష్ట్రలో బల్లార్‌పూర్, ఒడిశాలో రాయగడ, కర్ణాటకలో దాండేలి. మ్యాపులో వీటిని చుక్కలుగా పెడితే దక్షిణాది వెదురు అడవుల చుట్టూ ఒక దండలా కనబడతాయి. మన పాఠకుల్లో చాలామంది ఇళ్ళు ఆ చుక్కల పక్కనే ఉన్నాయి. ఆ మిల్లుల జీతంతో పిల్లలు చదువుకున్నారు, చర్చీలు కట్టుకున్నారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాని లెక్క పూర్తిగా తెలుసుకోవాలి.

కర్ణాటకలో వెదురు గురించి పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ ఏళ్ళ తరబడి చెప్పిన విషయం ఇది: 1950ల చివర్లో మిల్లుకు వెదురును టన్నుకు ఒకటి రెండు రూపాయల లెక్కన ఇచ్చారు. అదే వెదురును బజారులో కొనుక్కునే బుట్టలల్లేవాడు దానికి ఎన్నో వందల రెట్లు పెట్టాడు. మన మేదరి కుటుంబాలను అడగండి. తాత కాలంలో కొండకెళ్ళి తెచ్చుకున్న వెదురును, మనవడు డిపోలో క్యూ కట్టి కొనుక్కున్నాడు. తర్వాత అదీ దొరకక ప్లాస్టిక్ బుట్టలు అమ్మే కొట్టులో కూలికి చేరాడు. మిల్లుకు సబ్సిడీ ఇచ్చింది ప్రభుత్వం అని పుస్తకాల్లో రాస్తారు. నిజానికి ఇచ్చింది మేదరివాడు.

చవకగా వచ్చినదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. దగ్గరి వెదురు అయిపోతే దూరానికి వెళ్ళారు. అదీ అయిపోతే జామాయిల్ తోటలకు మళ్ళారు. చివరికి కొన్ని మిల్లులే మూతపడ్డాయి. 2014లో వరంగల్ వైపు కమలాపురం మిల్లు ఆగింది, సిర్పూరు మిల్లూ ఆగింది. సిర్పూరు 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్ళీ మొదలైంది. మధ్యలో ఆ నాలుగేళ్ళు కాగజ్‌నగర్ ఎలా బతికిందో అక్కడి సంఘ కాపరులను అడిగితే చెబుతారు. ముందు అడవి పక్కవాడు నష్టపోయాడు. తర్వాత మిల్లులోని కార్మికుడు నష్టపోయాడు. ఈ ఇద్దరినీ ఒకరికొకరు శత్రువులని చెప్పినవాళ్ళు మాత్రం నష్టపోలేదు.

1996 డిసెంబర్ 12

కలప కథలో అతి పెద్ద మలుపు ఒక కోర్టు ఉత్తర్వు. తమిళనాడులోని గూడలూరు ప్రాంతంలో జరుగుతున్న నరికివేతపై నిలంబూరు కోవిలకానికి చెందిన టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ 1995లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 డిసెంబర్ 12న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు దేశమంతటినీ కుదిపింది. కాగితాల్లో ఎవరి పేరున ఉన్నా, అడవి అనే మాటకు సాధారణ అర్థంలో సరిపోయేదంతా అడవే అని కోర్టు చెప్పింది. కేంద్రం అనుమతి లేకుండా అడవిలో నడిచే సామిల్లులు, గనులు ఆపమంది. ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారమే తప్ప చెట్టు నరకకూడదంది. 2002 నుంచి కొత్త సామిల్లుకు, ప్లైవుడ్ మిల్లుకు లైసెన్సు ఇవ్వాలంటే కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి తప్పనిసరి అయింది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చి ఆ బాధ్యతను రాష్ట్రస్థాయి కమిటీలకు ఇచ్చింది.

ఆ ఉత్తర్వు రాకపోతే ఈ రోజు మిగిలిన అడవిలో చాలా భాగం మిగిలేది కాదు. దానికి కృతజ్ఞత చెప్పాలి. కాని ఆ ఉత్తర్వులో ఒక వెలితి ఉంది. మూతపడిన మిల్లుల యజమానులు వేరే వ్యాపారం చూసుకున్నారు. మిషను మీద దుంగను తిప్పే కూలివాడికి ఆ నైపుణ్యం తప్ప ఇంకేదీ లేదు. అతనికి ఏ ప్యాకేజీ రాలేదు. అడవిలో తరతరాలుగా ఉన్నవాడి హక్కు మాట కూడా ఆ ఉత్తర్వులో లేదు. 2002 తర్వాత "ఆక్రమణల తొలగింపు" పేరుతో అతన్నే ముందు వెళ్ళగొట్టబోయారు. ఆ అన్యాయం మీద దేశమంతా గొడవ జరిగితేనే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది.

అడవి పొలంలోకి దిగింది

మరి ఇప్పుడు మనకు కర్ర ఎక్కడ నుంచి వస్తున్నది? 1988 జాతీయ అటవీ విధానం పాత మాటను తిరగేసింది. అడవి ముందు పర్యావరణానికి, పక్కనున్న ప్రజల అవసరానికి; పరిశ్రమ తన ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలి అంది. సారపాక మిల్లు అభివృద్ధి చేసిన జామాయిల్ రకాలు "భద్రాచలం క్లోన్లు" అన్న పేరుతో పొలాల్లోకి వచ్చాయి. కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు, కొరాపుట్, రాయగడ వైపు జామాయిల్.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2011 నివేదిక ఈ మార్పును ఒక్క అంకెలో చూపింది. ప్రభుత్వ అడవుల నుంచి ఏడాదికి వచ్చే కలప సుమారు 32 లక్షల ఘనపు మీటర్లు. అడవి బయట, పొలాల్లో, గట్ల మీద, పెరళ్ళలో ఉన్న చెట్ల నుంచి రాగలిగేది సుమారు 4 కోట్ల 27 లక్షల ఘనపు మీటర్లు. అంటే పదమూడు రెట్లు. కర్ర ఇప్పుడు అడవిది కాదు, రైతుది. రాజమండ్రి చుట్టుపక్కల ప్లైవుడ్ మిల్లులకు వెళ్ళే లారీల్లో ఉన్నది కొండ మీది టేకు కాదు, పొలంలోని జామాయిల్.

మిగతాది రేవు నుంచి వస్తోంది. గుజరాత్‌లోని కాండ్లా రేవు, దాని పక్కన గాంధీధామ్ సామిల్లులు ఇప్పుడు దేశానికి పెద్ద అడితి. తూత్తుకుడి, మంగళూరు రేవుల్లోనూ విదేశీ దుంగలు దిగుతున్నాయి. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతిని ఆపేసింది. దాంతో కొనుగోలుదారులు ఇతర దేశాల వైపు తిరిగారు. మన అడవిని కాపాడుకున్నాం అని సంతోషించేటప్పుడు, వేరే దేశపు అడవిని మన గుమ్మానికి బిగించుకుంటున్నామా అని కూడా చూసుకోవాలి.

రైతు సంగతి? చెట్టు చేతికి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. వరి రైతు ఈ ఏడు ధర లేకపోతే వచ్చే ఏడు మినుము వేస్తాడు. సుబాబుల్ రైతు ఇరుక్కుపోతాడు. కొనేవి నాలుగైదు మిల్లులే. మధ్యలో దళారీ. తూకంలో కోత, తేమ పేరుతో కోత, బెరడు పేరుతో కోత. ధర కోసం సుబాబుల్ రైతులు మళ్ళీ మళ్ళీ రోడ్డెక్కారు. పొలం కౌలుకు తీసుకున్నవాడికి చెట్టు పెంచే అవకాశమే లేదు. వరిచేలు చెట్ల తోటలైతే నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ళకు పని పోతుంది. ఆ ఆడవాళ్ళలో మన సంఘాల సహోదరీలు ఎంతమందో మనకు తెలుసు.

మిషను ముందు మనిషి

కోత మిల్లులోకి ఒకసారి వెళ్ళి చూడండి. బ్యాండ్ సా తిరుగుతుంటే పక్కవాడి మాట వినబడదు. గాలి నిండా రంపపు పొట్టు. పాత పనివాళ్ళ చేతులు గమనించండి. వేళ్ళన్నీ ఉన్న చెయ్యి తక్కువ. చెక్క దుమ్ము మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగంలో వచ్చేది. ముఖానికి తువ్వాలు కట్టుకోవడం తప్ప మన మిల్లుల్లో ఇంకేం జాగ్రత్త ఉంది?

1948 ఫ్యాక్టరీల చట్టం పవర్‌తో నడిచే చోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంది. అందుకే చాలా మిల్లుల రిజిస్టర్లో తొమ్మిదిమందే ఉండేవారు. పదోవాడి నుంచి ఇరవయ్యోవాడి దాకా "ఈ రోజుకి వచ్చిన హమాలీలు". పని ప్రమాదానికి పరిహారం ఇచ్చే చట్టం ఈ దేశంలో 1923 నుంచీ ఉంది. కాని రిజిస్టర్లో లేని చెయ్యి తెగితే ఆ చెయ్యి ఎవరిదని రుజువు చేయాలి? యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టి, ఐదో పదో వేలు చేతిలో పెట్టి, "మనలో మాట" అంటాడు. ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన కూలివాడు తలూపి ఊరికి పోతాడు.

ఇంకా చీకటి కథ శేషాచలంలో ఉంది. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండ, వెలిగొండ, నల్లమల కొండల్లోనే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. చెట్టు దొంగతనం నేరమే. కాని నేరానికి శిక్ష కోర్టు వేయాలి. దుంగ రేవు దాటి పరదేశం చేరేదాకా మధ్యలో ఎందరో పెద్దమనుషులు. తూటా తగిలింది రోజు కూలికి గొడ్డలి పట్టినవాడికి. జవ్వాది కొండల పక్కన ఉండే మన తమిళనాడు పాఠకులకు ఆ ఊళ్ళ పేర్లు తెలుసు.

సొలొమోను లెక్క

ఈ అంశం మీద రాస్తున్నప్పుడు రాజుల మొదటి గ్రంథం మళ్ళీ చదివాం. మందిరం కట్టడానికి లెబానోను దేవదారు మానులు కావాలి. హీరాము మనుషులు వాటిని సముద్రం మీద తెప్పలు కట్టి పంపారు. సొలొమోను వెట్టివారిని 30,000 మందిని పెట్టి, నెలకు 10,000 చొప్పున లెబానోనుకు పంపాడు. బరువులు మోసేవారు 70,000. కొండల్లో రాళ్ళు కొట్టేవారు 80,000. ఆ వెట్టి మీద అధికారి అదోనీరాము.

మనం ఆదివారం బడిలో మందిరం అందం గురించి చెప్పుకుంటాం. ఆ కథ చివర ఏమైందో తక్కువ చెప్పుకుంటాం. సొలొమోను చనిపోయాక ప్రజలు వచ్చి కాడి తేలిక చేయమని రెహబామును అడిగారు. అతడు ఇంకా బరువు చేస్తానన్నాడు. వెట్టి మీది అధికారిని పంపితే జనం రాళ్ళతో కొట్టి చంపారు. రాజ్యం రెండు ముక్కలైంది. మందిరపు దూలాల్లో మోసినవాడి కన్నీళ్ళు ఉంటే, ఆ కప్పు ఎంతో కాలం నిలవదని ఆ చరిత్ర చెబుతున్నది.

బైబిలులో మనుషుల లెక్క రాశారు, అది గమనించండి. ఎంతమంది మోశారో, ఎంతమంది కోశారో అంకెలతో ఉంది. మన అడవి శాఖ పుస్తకాల్లో ఘనపు మీటర్లు ఉన్నాయి, మనుషులు లేరు.

మనం చేయగలిగినవి

ఊరికే బాధపడి ఊరుకుంటే సంపాదకీయం వల్ల లాభం లేదు. యౌవనుల ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

మొదటిది, అటవీ హక్కు. 2006 చట్టం వెదురును చిన్న అటవీ ఉత్పత్తిగా గుర్తించి గ్రామసభకు దానిపై హక్కు ఇచ్చింది. గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా అనే గోండు గ్రామం 2009లో తన 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు సాధించింది. 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం ఆ గ్రామసభ చేతికే వచ్చింది. చంద్రపూర్ పాఠకులకు అది ఎంతో దూరం కాదు. ఒకసారి వెళ్ళి చూసి రండి. హక్కు కోరడానికి ఊరి పెద్దల వాంగ్మూలం రాసి పెడితే దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవాలని ఆ చట్టం నియమాలు చెబుతున్నాయి. చదువుకున్న యువకుడు ఒక పుస్తకం, పెన్ను పట్టుకొని ముసలివాళ్ళ దగ్గర కూర్చుంటే చాలు. క్రైస్తవులైతే షెడ్యూల్డు తెగ హోదా పోతుందని కొన్ని చోట్ల భయపెడుతున్నారు. ఆ హోదాకు మతంతో సంబంధం లేదు. ఈ సంగతిని కొండ గ్రామాల సంఘాల్లో స్పష్టంగా చెప్పండి.

రెండోది, మిల్లు పనివారి లెక్క. మీ సంఘంలో సామిల్లులో, ప్లైవుడ్ ఫ్యాక్టరీలో, అడితిలో పనిచేసేవారు ఎంతమంది? ఏ మిల్లులో, ఎన్నేళ్ళుగా, కూలి ఎలా ఇస్తారు, ఎవరికి ఏ దెబ్బ తగిలింది? ఒక నోటుపుస్తకంలో రాయండి. కూలి ఇచ్చిన చీటీ, ఫోనులో వచ్చిన డబ్బు మెసేజ్, పనిలో తీసిన ఫొటో ఇవన్నీ దాచమని చెప్పండి. ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రి కాగితంలో "పనిలో దెబ్బ" అని రాయించండి. కాగితం మీద "ఇంట్లో పడ్డాడు" అని ఉంటే తర్వాత ఏ వకీలూ ఏమీ చేయలేడు. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖకు అర్జీ పెట్టించండి. మన వాళ్ళ గురించే కాదు, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన భాష రాని కూలివాడి గురించి కూడా.

మూడోది, మన కట్టడాలు. కొత్త చర్చి కడుతున్నారా? గుమ్మాలకు, పల్పిట్‌కు కర్ర కొనేటప్పుడు బిల్లు అడగండి, రవాణా పర్మిటు అడగండి. చవకగా, కాగితం లేకుండా, రాత్రిపూట దిగే టేకు దేవుని మందిరానికి తగదు. పాత చర్చి కూల్చేటప్పుడు వందేళ్ళ దూలాలను కట్టెలుగా అమ్మేయవద్దు; చేవ గల కర్ర ఇంకో వందేళ్ళు నిలుస్తుంది. వాటిని మళ్ళీ వాడండి.

నాలుగోది, మన నేల. సంఘాల చేతిలో స్థలాలు ఉన్నాయి, సమాధుల తోటలు, బడి ఆవరణలు ఉన్నాయి. త్వరగా డబ్బు వస్తుందని వాటినిండా జామాయిల్ నాటితే పిట్ట కూడా వాలదు. వేప, మద్ది, వేగిస, కానుగ నాటండి. మీరు నాటిన చెట్టు నీడన మీ మనవడు కూర్చుంటాడు. చెట్లు పెంచే రైతు సహోదరులు మిల్లుతో ఒప్పందం చేసుకునేటప్పుడు ధర, తూకం, కోత ఖర్చు ఎవరిదన్నది రాతలో ఉండేటట్టు చూసుకోండి. ఒక్కరుగా కాకుండా పదిమంది కలిసి వెళితే మిల్లు గేటు దగ్గర మాట చెల్లుతుంది.

ఈ నాలుగూ పెద్ద పనులేమీ కావు. ఇవన్నీ చేసినా పోయిన అడవి తిరిగి రాదు, తెగిన వేళ్ళు తిరిగి మొలవవు. కాని రాయని లెక్క రాయడం మొదలవుతుంది.

ఈ నూట యాభై ఏళ్ళలో కర్ర వచ్చే దారి మూడుసార్లు మారింది. ఏటి మీది తెప్ప నుంచి కూపు లారీకి, కూపు లారీ నుంచి పొలం గట్టుకూ రేవుకూ మారింది. చట్టాలు మారాయి, మిల్లులు మారాయి, చెక్క పేర్లు మారాయి. నరికినవాడు, మోసినవాడు, కోసినవాడు మాత్రం ప్రతిసారీ లెక్కకు బయటే ఉన్నాడు. మన ప్రభువును ఊరివాళ్ళు వడ్రంగి అని పిలిచారు. దుంగ బరువు, ఉలి దెబ్బ, చేతిలో గుచ్చుకున్న పేడు ఆయనకు విని తెలిసినవి కావు.

వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్ళినప్పుడు ఆ గుమ్మం మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. ఆ చెక్క ఎక్కడిదో సంఘ పెద్దలను అడగండి. దాన్ని కోసినవాళ్ళెవరో తెలిసినవారు ఇంకా బతికి ఉంటే వాళ్ళ దగ్గర కూర్చొని రాసుకోండి. మాకు పంపండి. ఆ లెక్కకు ఈ పత్రికలో చోటు ఉంటుంది.